గొంగళిపురుగుల చరిత్ర వ్రాసిన మరియా సిబిల్లా మేరియన్

1660వ సంవత్సరమున జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరములో పదుమూడేండ్ల బాలిక యొకతె కొన్ని పట్టుపురుగులను పెట్టెలో ఉంచి పెంచసాగెను. అవి మల్బరీ ఆకులను తినుట, నాలుగు మారులు చర్మము విడిచి పెద్దవగుట, నోటినుండి దారము తీసి తమ చుట్టు తామే గూడు అల్లుకొనుట, ఆ గూటిలో కొన్ని దినములు మృతప్రాయముగా పడియుండుట, పిదప తెల్లని రెక్కలతో వెలుపలికి వచ్చి గ్రుడ్లు పెట్టుట, ఇదంతయు ఆమె దినదినము చూచి వ్రాసికొనెను. హిందూపురము, మదనపల్లె ప్రాంతములలో పట్టుపురుగులను పెంచు కుటుంబముల వారికి ఈ దశలు క్రొత్తవి కావు. వారి పిల్లలు బడికి పోకమునుపే వీటిని వెదురు తట్టలలో చూచియుందురు. అయితే ఆ బాలిక అంతటితో ఆగలేదు. పట్టుచిమ్మట కంటె మిక్కిలి సొగసైన సీతాకోకచిలుకలు ఇతర పురుగుల నుండి వచ్చుట ఆమె గమనించెను. అప్పటి నుండి తోటలలోను, గోడల ప్రక్కలను, దురద పుట్టించు కలుపు మొక్కలపైని కనబడిన ప్రతి గొంగళిపురుగును ఇంటికి తెచ్చి, అది ఏ ఆకు తినునో ఆ ఆకునే వేసి, దానినుండి ఏమి వెలువడునో చూచుటకు కనిపెట్టుకొని యుండెను. ఆ పని ఆమెకు జీవితాంతము విడువలేదు. ఆమె పేరు మరియా సిబిల్లా మేరియన్.

ఆ కాలమున పురుగులను గూర్చి లోకములో నుండిన అభిప్రాయము వేరు. బురదనుండి, కుళ్లిన మాంసమునుండి, చెట్లపై పడిన మంచునుండి పురుగులు వాటంతట అవే పుట్టునని అరిస్టాటిల్ కాలమునుండి పండితులు చెప్పుచు వచ్చిరి. గొంగళిపురుగు వేరు జీవి, సీతాకోకచిలుక వేరు జీవి అని తలంచిన వారు కొల్లలు. ఇటలీ దేశపు వైద్యుడైన ఫ్రాన్సిస్కో రెడీ పాత్రలలో మాంసముంచి, కొన్నిటికి పలుచని బట్ట కట్టి, ఈగలు వాలని మాంసములో పురుగులు పుట్టవని చూపినది 1668లో. హాలెండు వైద్యుడైన యాన్ స్వామర్‌డామ్ గొంగళిపురుగును కోసి, దాని చర్మము క్రింద ముడుచుకొనియున్న రెక్కల మొలకలను చూపినదియు ఇంచుమించు ఆ కాలముననే. ఫ్రాంక్‌ఫర్ట్ బాలిక వారి గ్రంథములు వెలువడక మునుపే, ఎవరి ప్రోత్సాహమును లేక, తన పెట్టెలలో ఆ సంగతిని చూచుచుండెను.

ఆమె 1647 ఏప్రిల్ 2వ తేదీన జన్మించెను. తండ్రి మాథియస్ మేరియన్ స్విట్జర్లాండులోని బాజెల్ నగరస్థుడు; రాగి రేకులపై చిత్రములు చెక్కుటలో ఐరోపా అంతట పేరు గన్నవాడు. లూథరు జర్మను బైబిలునకు ఆయన చెక్కిన చిత్రములతో 1630లో వెలువడిన ప్రతి మేరియన్ బైబిలు అను పేరనే ప్రసిద్ధి కెక్కెను. క్రొత్తగా కనుగొనబడిన అమెరికా దేశములను గూర్చిన చిత్ర సంపుటములను కూడ ఆయన ముద్రణాలయము ప్రకటించుచుండెను. కుమార్తెకు మూడేండ్ల వయస్సున ఆయన మరణించెను. మరుసటి యేట తల్లి యోహన్నా, పూల చిత్రకారుడైన యాకోబ్ మారెల్‌ను పెండ్లాడెను. ఈ మారుతండ్రి మంచివాడు. కుమార్తెలోని నేర్పును గుర్తించి, రంగులు కలుపుటయు, కుంచె పట్టుటయు తన శిష్యులతో పాటు ఆమెకును నేర్పెను.

1665లో ఆమె మారెల్ శిష్యుడైన యోహాన్ ఆండ్రియాస్ గ్రాఫ్ అను చిత్రకారుని వివాహమాడెను. 1668లో పెద్ద కుమార్తె యోహన్నా హెలెనా పుట్టెను. కొలది కాలమునకు ఆ కుటుంబము గ్రాఫ్ స్వస్థలమగు న్యూరెంబర్గ్ నగరమునకు తరలిపోయెను. 1678లో రెండవ కుమార్తె డొరోతియా మరియా కలిగెను. తైలవర్ణ చిత్రములు వ్రాసి అమ్ముటకు ఆ నగరపు చిత్రకారుల కట్టుబాట్లు స్త్రీలకు అడ్డుగా నుండెను. అందుచేత ఆమె నీటి రంగులతో చర్మపత్రములపై వ్రాసెను, ఉన్నత కుటుంబముల కన్యలకు చిత్రలేఖనమును, బుట్టా పనిని నేర్పెను, రంగులు అమ్మెను. వారి కుట్టుపనికి నమూనాలుగా ఉపయోగపడునట్లు పూల చిత్రముల పుస్తకమును 1675 నుండి 1680 వరకు మూడు భాగములుగా ప్రకటించెను. ఆ కన్యల తల్లిదండ్రుల తోటలు ఆమెకు తెరవబడెను. ఆమె అడిగినది పూలను కాదు, పూలమీది పురుగులను.

ఇద్దరు బిడ్డల తల్లి, ఇంటి పని, శిష్యురాండ్రు, వ్యాపారము. ఈ నడుమ చెక్క డబ్బాలలో పదుల కొలది గొంగళిపురుగులు. వాటికి ప్రతి దినము క్రొత్త ఆకు కావలెను. ఒక జాతి పురుగు ఒకటి రెండు మొక్కలు తప్ప వేరొక ఆకును ముట్టదు. ఆ ఆకు దొరకనినాడు చచ్చును. కొన్ని ప్యూపాలుగా మారి రెండు వారములలో రెక్కలతో వెలువడును. కొన్ని శీతకాలమంతయు కదలక పడియుండి వసంతములో గాని విచ్చుకొనవు. ఏది బ్రతికియున్నదో, ఏది చచ్చినదో పై చూపునకు తెలియదు. పారవేయక కాచుకొని యుండవలెను. ఆమె ఆ నిర్జీవమువలె కనబడు ప్యూపాను ఖర్జూరపు గింజ యనియు, సీతాకోకచిలుకను వేసవి పక్షి యనియు తన భాషలో పిలుచుచుండెను. పండితుల లతీను మాటలకంటె ఈ పేరులు ఎంతో చక్కగా నున్నవి.

1679లో ఆమె ముప్పది రెండవయేట, గొంగళిపురుగుల అద్భుతమైన రూపాంతరమును వాటి విచిత్రమైన పుష్పాహారమును అను అర్థము వచ్చు పేరుతో మొదటి సంపుటము వెలువడెను. అందు ఏబది చిత్రములు. అంతకుముందు హాలెండులో యాన్ హూడార్ట్ అను చిత్రకారుడును పురుగుల మార్పులను చిత్రించియుండెను. అయితే ఆయన గ్రుడ్డు నుండి మొదలుపెట్టలేదు, ఆహారపు మొక్కను చూపలేదు. మేరియన్ ఒక్కొక్క పుటలో ఒక్కొక్క మొక్కను నిలిపి, దాని ఆకుపై గ్రుడ్లను, ఆకును కొరుకు పురుగును, కొమ్మకు వ్రేలాడు ప్యూపాను, పైన ఎగురు సీతాకోకచిలుకను ఒకేచోట చూపెను. కొరికిన ఆకులను కొరికినట్లే వ్రాసెను. పురుగు తిన్న రంధ్రములను ఆమె పూడ్చలేదు. మొదటి చిత్రము మల్బరీ కొమ్మపై పట్టుపురుగు. భాష జర్మను, పండితులది కాదు, సామాన్యులది. తనను పొగడవద్దనియు, ఇంత చిన్న ప్రాణులయందు ఇంత జ్ఞానము చూపిన సృష్టికర్తనే స్తుతింపవలెననియు ముందుమాటలో చదువరిని వేడుకొనెను. 1683లో రెండవ సంపుటము, మరి ఏబది చిత్రములతో వచ్చెను.

ఈ గ్రంథములలో ఒక విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. కొన్ని మారులు ఆమె ఎంతో శ్రద్ధతో పెంచిన ప్యూపానుండి సీతాకోకచిలుక రాలేదు. ఈగలో, చిన్న కందిరీగలో గుంపుగా వెలువడెను. ఒకే తీరు పురుగులలో ఒకటి సీతాకోకచిలుకయైనది, ఒకటి ఈగల నిచ్చినది. కారణము ఆమెకు బోధపడలేదు. పరాన్నజీవులగు ఆ కీటకములు బ్రతికియున్న గొంగళిపురుగు మీదనో లోపలనో తమ గ్రుడ్లను పెట్టుననియు, పిల్లలు దానిని లోపలినుండి తినివేయుననియు తరువాతి కాలపు శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఈగ యొక్క పుట పుస్తకపు అందమును చెరచును. రూపాంతరమును గూర్చిన చక్కని క్రమమునకు అది అడ్డు. అయినను ఆమె దానిని దాచలేదు. ఈగలను కూడ సీతాకోకచిలుక ప్రక్కనే చిత్రించి, చూచినది చూచినట్లు వ్రాసెను.

సీతాకోకచిలుకను పునరుత్థానమునకు గుర్తుగా చూపని క్రైస్తవ ప్రసంగీకులు అరుదు. గ్రీకులు ఆత్మకును సీతాకోకచిలుకకును ఒకే మాట వాడిరి. మన తెలుగు బైబిలులో కొండమీద ప్రభువు మారిన సందర్భమునను, పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రిక పండ్రెండవ అధ్యాయమునను రూపాంతరము అను మాట కనబడును. మూలములో రెండుచోట్లను ఒకటే గ్రీకు క్రియ. మేరియన్ తన ప్రఖ్యాత లతీను గ్రంథమునకు పెట్టిన పేరులోని మాటయు ఆ క్రియకు చుట్టమే. అయితే ప్రసంగములలో పురుగునుండి రెక్కల వరకు ఒక్క గంతు వేయుదురు. నడుమనున్నదానిని గూర్చి తలంచువారు తక్కువ. మేరియన్ కాలము గడిపినది ఆ నడుమనే: ఆకు తరిగి వేయుటలో, మల మెత్తివేయుటలో, చచ్చినవాటిని లెక్కపెట్టుటలో.

ఆ గూటిలోపల జరుగునది ఆమె కంటికి అందలేదు. నేడు అది చాలవరకు తెలిసినది. ప్యూపాలో గొంగళిపురుగు దేహభాగములు అనేకములు కరగిపోవును. అయితే సమస్తమును ద్రవమగుననుట సరికాదు. శ్వాసనాళములు, ప్రేగు, నాడీమండలము కొంత నిలిచి క్రొత్త పనికి తగినట్లు మారును. రెక్కలు, కాళ్లు, కన్నులు మొదలగునవి పురుగు బ్రతుకులోనే దాని దేహములో చిన్న చిన్న కణ సమూహములుగా వేరుపరచబడి, తమ సమయమునకై ఆగియుండి, ప్యూపా దశలో త్వరితముగా పెరుగును. ఈ మార్పును నడుపు రసములలో నొకటైన ఎక్డైసోనును 1954లో బుటెనాంట్, కార్ల్‌సన్ అను జర్మను శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. ఇరువది అయిదు మిల్లీగ్రాముల పదార్థము కొరకు అయిదు వందల కిలోగ్రాముల ప్యూపాలు వారికి కావలసివచ్చెను. అవి పట్టుపురుగు ప్యూపాలే.

1681లో మారుతండ్రి మారెల్ మరణించెను. అప్పులును ఆస్తి వివాదములును మిగిలెను. తల్లికి తోడుగా నుండుటకు మరియా సిబిల్లా పిల్లలతో ఫ్రాంక్‌ఫర్ట్ చేరెను. భర్తతో ఆమెకు గల సంబంధము ఏ కారణమున చెడినదో స్పష్టముగా చెప్పగల పత్రములు లేవు. ఊహించుట కంటె మౌనముగా నుండుట మేలు. 1685, 1686 ప్రాంతమున ఆమె తల్లితోను ఇద్దరు కుమార్తెలతోను హాలెండు ఉత్తరభాగమున ఫ్రీస్లండ్ లోని వీవెర్డ్ గ్రామమునకు పోయి, అచట వాల్తా కోటలో నుండిన లబాదీ భక్త సమాజములో చేరెను. ఆమె సవతి అన్న కాస్పర్ అంతకు చాల ముందే ఆ సమాజములో నుండెను.

ఈ సమాజమును గూర్చి కొంత చెప్పవలెను. జాన్ ద లబాది ఫ్రాన్సు దేశస్థుడు. మొదట యేసు సభ గురువు, తరువాత సంస్కృత సంఘ బోధకుడు, చివరకు అందరినుండి విడిపోయి, నిజముగా మారుమనస్సు పొందినవారు మాత్రమే సంఘమనదగుదురని బోధించెను. 1674లో ఆయన మరణించిన పిదప శిష్యులు వాల్తా కోటలో కూడుకొనిరి. సొంత ఆస్తి లేదు, నగలు లేవు, సాదా వస్త్రములు, అందరును పని చేయవలెను. హాలెండు దేశపు మహా విదుషీమణి అన్నా మరియా వాన్ షూర్మన్ ఆ సమాజములోనే 1678లో కన్నుమూసెను. ఆ భక్తిలో నిజమైన వేడి యుండెను. దానితోపాటు కాఠిన్యమును ఉండెను. విశ్వాసికాని జీవిత భాగస్వామితో వివాహ బంధము తమను కట్టివేయదని వారు తలంచిరి. గ్రాఫ్ ఆమెను వెదకికొనుచు వీవెర్డ్ వచ్చి, తన్నును చేర్చుకొనుమని అడిగెను, వారు చేర్చుకొనలేదు. అతడు కొంతకాలము సమీపముననే ఉండి, తుదకు ఒంటరిగా వెళ్లిపోయెను. కొంతకాలమునకు న్యూరెంబర్గ్ నగర సభ అతనికి విడాకు లిచ్చెను. అతడు మరల పెండ్లి చేసికొనెను. ఆమస్టర్‌డామ్‌లో ఆమె కొన్ని పత్రములలో, అతడు బ్రతికియుండగనే, తాను విధవనని వ్రాయించుకొనెను. ఆమెను మెచ్చుకొను జీవిత చరిత్రకారులు దీనిని త్వరగా దాటిపోవుట వాడుక. భక్తి పేరట ఒక కుటుంబము చీలిపోయినది. ఆ నష్టములో ఆమె వంతు లేదనుటకు వీలులేదు.

వీవెర్డ్‌లోనున్న ఏండ్లలో ఆమె పుస్తకము లేవియు ప్రకటించలేదు. అయినను పరిశీలన మానలేదు. ఫ్రీస్లండ్ చెరువులలోని కప్ప గ్రుడ్లను పెట్టుకొని, తోకకప్ప కాళ్లు మొలచి కప్పయగు క్రమమును చూచెను. ఇరువది అయిదేండ్ల చీటీలను, చిత్రములను క్రమపరచి ఒక పరిశీలన గ్రంథముగా కూర్చెను. దక్షిణ అమెరికాలోని సురినామ్ అప్పుడు హాలెండు వలస రాజ్యము. దానికి గవర్నరుగా నుండిన వాన్ సోమెల్స్‌డైక్ కుటుంబమునకే వాల్తా కోట చెందియుండెను. లబాదీయులు కొందరు సురినామ్ అడవులలో ఒక వలసను స్థాపింప యత్నించి విఫలులైరి. ఆ దేశపు సంగతులు ఆమె మొదట విన్నది ఆ కోటలోనే. 1686లో కాస్పర్, 1690లో తల్లి మరణించిరి. సమాజమును క్షీణించెను, ఉమ్మడి ఆస్తి విధానము నిలువలేదు. 1691లో ఆమె కుమార్తెలతో ఆమస్టర్‌డామ్ నగరమునకు వచ్చెను.

ఆమస్టర్‌డామ్ అప్పుడు ప్రపంచ వ్యాపార కేంద్రము. ధనికుల ఇండ్లలో తూర్పు, పడమటి దేశములనుండి తెచ్చిన గవ్వలు, పక్షులు, సీతాకోకచిలుకలు గాజు తలుపుల పెట్టెలలో అమర్చబడి యుండెను. నగరాధ్యక్షుడైన నికొలాస్ విట్సెన్, వైద్యుడైన ఫ్రెడెరిక్ రైష్ మొదలగువారు తమ సేకరణలను ఆమెకు చూపిరి. ఆమె వాటిని చూచి ఆశ్చర్యపడెను, తృప్తి మాత్రము పొందలేదు. సూదికి గుచ్చిన ఆ సీతాకోకచిలుక ఏ పురుగునుండి వచ్చినది, ఆ పురుగు ఏమి తినినది? దీనికి ఆ ధనికులలో ఎవరును సమాధాన మియ్యలేకపోయిరి.

అందుచేత ఏబది రెండేండ్ల వయస్సున ఆమె తానే పోవ నిశ్చయించెను. 1699లో తన చిత్రములను రెండువందల ఏబది అయిదింటిని అమ్మివేసి ప్రయాణపు ఖర్చునకు పోగుచేసెను. మరణ శాసనము వ్రాయించెను. ఆ వేసవిలో చిన్న కుమార్తె డొరోతియాను వెంటబెట్టుకొని ఓడ యెక్కెను. ప్రభుత్వముగాని, ధనవంతులైన ఏ సంస్థగాని ఆమెను పంపలేదు. పురుష సహాయము లేక ఒక తల్లి, ఒక కుమార్తె, పురుగులను చూచుటకై అట్లాంటిక్ మహాసముద్రమును దాటుట ఆనాడు వినని సంగతి. రెండు నెలలకు వారు సురినామ్ చేరి పారామారిబో పట్టణములో కాపురముండిరి.

అచటి ఎండ ఆమెను బాధించెను. తోటల యజమానులు ఆమెను చూచి నవ్విరి. చెరకు తప్ప వేరొకదాని కొరకు ఆ దేశములో వెదకువారు వారికి విచిత్రముగా తోచిరి. ఆమెయు వారిని గూర్చి మంచి అభిప్రాయము పెట్టుకొనలేదు. ఆమె అడవిలోనికి పోవుటకు ముందు బానిసలు గొడ్డళ్లతో ముండ్లపొదలు నరికి దారి చేసిరి. ఎత్తైన చెట్లపైని పురుగులను, ఏ మొక్క ఏ పనికి వచ్చునను జ్ఞానమును ఆమెకు తెచ్చినవారు ఆ దేశపు ఆదివాసులును, ఆఫ్రికానుండి తేబడిన బానిసలును. వారు చెప్పిన దానిని వారు చెప్పినదే యని గ్రంథములో ఒప్పుకొనుట ఆమె నిజాయితీ. అయితే వారిలో ఒకరి పేరును ఆమె వ్రాయలేదు.

ఒక పుటను గూర్చి మాత్రము నిలిచి చెప్పవలెను. మన ఇండ్ల ముంగిళ్లలో ఎర్రగాను పసుపుగాను పూయు రత్నగంధి చెట్టు సురినామ్‌లోను ఉండెను. మేరియన్ ఆ కొమ్మను, దానిపై పురుగును, చిమ్మటను చక్కగా చిత్రించి, ప్రక్కన వ్రాసినది ఇది: యజమానుల క్రూరత్వమునకు గురియైన బానిస స్త్రీలు, తమ పిల్లలు తమవలె బానిసలై పుట్టకుండునట్లు, ఆ విత్తనములతో గర్భము పోగొట్టుకొనుచున్నారు, కొందరు తమ ప్రాణమే తీసికొని, స్వదేశములో స్వతంత్రులుగా మరల పుట్టుదుమని నమ్ముచున్నారు, ఈ మాట వారే తనకు చెప్పిరి. పురుగుల పుస్తకములో ఈ సంగతికి తావు లేదని ఆమె తలంచలేదు. ఐరోపా క్రైస్తవ పాఠకులు, చెరకు పంచదారతో తమ బల్లలను నింపుకొనువారు, ఒక పూవు అందమును చూడబోయి దీనిని చదువవలసివచ్చెను. అట్లని ఆమెను బానిస విమోచకురాలిగా చిత్రించుట తగదు. ఆమెయు బానిసల పనిని వాడుకొనెను. తిరిగి వచ్చునప్పుడు ఒక ఆదివాసి స్త్రీని తన వెంట ఆమస్టర్‌డామ్ తీసికొనిపోయెను. ఆ స్త్రీ తరువాత ఏమయ్యెనో గ్రంథములో లేదు. ఆమె కన్ను చూచినంత దూరము ఆమె చేయి పోలేదు.

అయిదేండ్లు ఉండదలచినను ఉండలేకపోయినట్లున్నది. తీవ్రమైన జ్వరముతో ఆరోగ్యము చెడగా 1701 జూన్ 18న ఓడ యెక్కి, సెప్టెంబరులో ఆమస్టర్‌డామ్ చేరెను. సారాయిలో ఉంచిన పురుగులు, ఆరబెట్టిన సీతాకోకచిలుకలు, చర్మపత్రములపై చిత్రములు వెంట వచ్చెను. నాలుగేండ్లు శ్రమించి 1705లో సురినామ్ కీటకముల రూపాంతరమును గూర్చిన గ్రంథమును తన సొంత ఖర్చుతో, లతీనులోను డచ్చి భాషలోను ప్రకటించెను. అరువది పెద్ద చిత్రములు. మొక్కల పేర్లలో వృక్షశాస్త్రజ్ఞుడైన కాస్పర్ కామెలిన్ ఆమెకు తోడ్పడెను. మొదటి పుటలో పూతకు వచ్చిన అనాస, దానిచుట్టు బొద్దింకలు! ఫలములలో రాణియనదగిన దానిని బొద్దింకలతో పాటు చూపుటకు వెరవకపోవుట ఆమెకే తగును. మోర్ఫో అను నీలి సీతాకోకచిలుక మెరుపును కుంచెతో చూపుట అసాధ్యమని ఆమె ఒప్పుకొనెను.

ఆ గ్రంథములో తప్పులును ఉన్నవి. లాంతరు పురుగు అనబడు కీటకము రాత్రివేళ మంటవలె వెలుగునని ఆమె వ్రాసెను; అది వెలుగదని ఇప్పుడు తెలియును. కొన్ని పురుగులు వాటివి కాని మొక్కలపై చూపబడినవి. 1834లో వెస్టిండీసులోని సెయింట్ విన్సెంట్ ద్వీపమున నివసించు లాన్స్‌డౌన్ గిల్డింగ్ అను ఆంగ్లికను గురువు, తాను సురినామ్‌లో అడుగుపెట్టకయే, ఆమె గ్రంథమును పుట పుటయు ఖండించి పరిహసించెను. జామ కొమ్మపై పెద్ద సాలెపురుగు చిన్న పక్షిని పట్టియున్న చిత్రము అట్టి విమర్శకులకు అబద్ధముగా తోచెను. ముప్పది యేండ్లు గడవక మునుపే, అమెజాను అడవులలో పదునొకండేండ్లు గడిపిన హెన్రీ వాల్టర్ బేట్స్, అట్టి సాలెపురుగునకు చిక్కిన పక్షులను తన కన్నులార చూచి 1863లో తన గ్రంథమున ప్రకటించెను. అంతకు చాల పూర్వమే, 1758లో, జీవులకు పేర్లు పెట్టిన స్వీడన్ దేశపు లిన్నేయస్ అనేక జాతులను వర్ణించునప్పుడు ఆమె చిత్రములను ఆధారముగా పేర్కొనియుండెను.

కీర్తి వచ్చెను గాని ధనము రాలేదు. ఆమె చిత్రములును, పురుగులును, రంగులును అమ్ముచు బ్రతికెను. పెద్ద కుమార్తె యోహన్నా భర్తతో 1711లో సురినామ్ వెళ్లి, అచటినుండి పురుగులను పంపుచుండెను. 1715లో పక్షవాతము వచ్చి ఆమె చేతులు పనికి లొంగలేదు. మూడవ గొంగళిపురుగుల సంపుటము సిద్ధమగుచుండగనే 1717 జనవరి 13న, అరువది తొమ్మిదవయేట, ఆమె ఆమస్టర్‌డామ్‌లో మరణించెను. ఆ సంపుటమును డొరోతియా ఆ సంవత్సరమే తల్లి పేరట ప్రకటించెను.

ఆ దినములలోనే రష్యా చక్రవర్తి పీటరు తరపున ఆయన వైద్యుడు ఆమె చిత్రములను పెద్ద మొత్తముగా కొనెను. ఆమె పరిశీలన గ్రంథము కూడ సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరెను. చాలకాలము ఆమెను లోకము మరచినట్లుండెను. 1992లో జర్మనీ దేశము ఆమె ముఖమును అయిదువందల మార్కుల నోటుపై ముద్రించెను. ఆ నోటు వెనుకప్రక్క దారి ప్రక్కన మొలచు పచ్చపూల కలుపు మొక్క, దానిపై గొంగళిపురుగు, చిమ్మట. 2002లో యూరో వచ్చుటతో ఆ నోటు చలామణి నుండి పోయెను.

డొరోతియా భర్త గెయోర్గ్ గ్సెల్ చక్రవర్తి కొలువున చిత్రకారుడగుటచే, ఆమెయు 1717లో పీటర్స్‌బర్గ్ వెళ్లి అచటి విజ్ఞాన పరిషత్తులో చిత్రలేఖనము నేర్పుచు, జీవుల చిత్రములు వ్రాయుచు నుండెను. 1736లో పరిషత్తు ఆమెను ఆమస్టర్‌డామ్ పంపెను. అమ్మకమునకు మిగిలియున్న తన తల్లి చిత్రములను వెదకి కొనితెచ్చుట ఆమె పని. ఆమె 1743లో పీటర్స్‌బర్గ్‌లో మరణించెను. తల్లి పరిశీలన గ్రంథము ఆ నగరపు విజ్ఞాన పరిషత్తు గ్రంథాలయములోనే భద్రపరచబడి, 1976లో యథాతథముగా అచ్చుపడెను. అందలి చిన్న చిన్న చర్మపత్రపు ముక్కలలో మొట్టమొదటిది ఫ్రాంక్‌ఫర్ట్‌లో పదుమూడేండ్ల బాలిక పెంచిన పట్టుపురుగుది.